‘అవుతోంది సార్’: ఆరుగురి పరిశోధన పత్రం, 75 రోజుల గడువు

కాన్ఫరెన్స్ గడువులకు పత్రాలు సిద్ధం చేసుకునే పరిశోధక బృందాలతో పనిచేయడం నా వృత్తి. ప్రయోగాలు నేను చెయ్యను, పత్రం నేను రాయను. ఎవరు, ఏది, ఎప్పటికి తేల్చాలో వాళ్లతో కూర్చుని చూస్తాను. అలా చూసిన వాటిలో ఈ ఒక్క కేసును పూర్తిగా రాయడానికి కారణం ఉంది. ఇందులో పని ఎగ్గొట్టేవాళ్లు ఒక్కరూ లేరు. అందరికీ విషయం మీద ప్రేమ ఉంది, రాత్రిళ్లు కూర్చుని చేశారు. అయినా మొదటిసారి పత్రం పంపలేకపోయారు. రెండోసారి నేను వేయించిన ప్లాన్ కూడా మొదటి మూడు వారాలు పనిచెయ్యలేదు.

కాలేజీ పేరు, మనుషుల పేర్లు, కాన్ఫరెన్స్ పేరు రాయడం లేదు. గుర్తుపట్టడానికి వీల్లేకుండా కొన్ని తేదీలు, అంకెలు కొంచెం మార్చాను. రాయడానికి ఆరుగురూ ఒప్పుకున్నారు.

నేపథ్యం

హైదరాబాద్‌లో ఒక ఇంజనీరింగ్ కాలేజీ. అక్కడ భాషా సాంకేతికత మీద పనిచేసే చిన్న గ్రూప్. గైడ్ గారు, పీహెచ్‌డీ నాలుగో ఏడాదిలో ఉన్న అమ్మాయి, ఎంటెక్ చదివే ఒక అబ్బాయి, ఒక అమ్మాయి. వీళ్లు కాక విశాఖపట్నంలో భాషాశాస్త్రం చెప్పే మేడమ్ ఒకరు, అమెరికా తూర్పు తీరంలో పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన) చేస్తున్న ఆ కాలేజీ పాత విద్యార్థి ఒకరు. పిల్లలంతా ఆయన్ని ‘అన్న’ అంటారు, నేనూ ఇక్కడ అలాగే రాస్తాను. పీహెచ్‌డీ అమ్మాయి మొదటి రచయిత.

విషయం: సినిమాలు, వస్తువుల గురించి జనం తెలుగులో రాసే అభిప్రాయాల్లో మెచ్చుకోలు ఎంత, విమర్శ ఎంత అన్నది కంప్యూటర్ మోడళ్లు పట్టుకోగలవా?

కంప్యూటర్ సైన్స్‌లో, ముఖ్యంగా ఈ రంగంలో, జర్నల్ కంటే కాన్ఫరెన్స్ పత్రానికే ఎక్కువ విలువ. గడువు ఒక్క నిమిషం జరగదు. ‘ఎనీవేర్ ఆన్ ఎర్త్’ అనే లెక్క పెడతారు, అంటే భూమ్మీద ఎక్కడో ఒక చోట ఆ తేదీ ఇంకా ఉన్నంతవరకు సమయం ఉన్నట్టే. మన గడియారంలో అది మర్నాడు సాయంత్రం 5 గంటల 29 నిమిషాలు. ఆ తర్వాత పత్రాలు పంపే వెబ్‌సైట్ ఓపెన్‌రివ్యూలో సబ్మిట్ బటన్ పనిచెయ్యదు, మంచి పత్రానికీ అంతే.

వాళ్లు నా దగ్గరికి వచ్చినప్పుడు

అంతకు ముందు, అక్టోబర్ గడువు వాళ్లకు చేదుగా ముగిసింది. 8 పేజీల పరిమితికి 13 పేజీలు రాసుకున్నారు, ఆఖరి రాత్రి కోతలు మొదలుపెట్టారు. అది కూడా సర్దుకునేవాళ్లే. కానీ ఆఖరి రోజు మధ్యాహ్నం 2 గంటలకు అసలు సంగతి బయటపడింది. ఫలితాల పట్టికలో మొదటి రెండు వరుసలు డేటాను ఒక రకంగా ట్రైన్ (మోడల్‌కు నేర్పే), టెస్ట్ (పరీక్షించే) భాగాలుగా విడదీసి తెచ్చినవి, మూడో వరుస ఇంకో రకంగా విడదీసి తెచ్చింది. పక్కపక్కన పెట్టి పోల్చడానికి వీల్లేని అంకెలు. మూడున్నర గంటల్లో మళ్లీ నడపడం కుదరదు. పంపకుండా ఆగిపోయారు. ఆగిపోవడం నిజాయితీ గల పని అని నేను వాళ్లకు మొదటి రోజే చెప్పాను.

డిసెంబర్ మొదటి వారంలో గైడ్ గారు ఫోన్ చేశారు. ఫిబ్రవరి 15 గడువు, చేతిలో 75 రోజులు. “మావాళ్లకు కొంచెం టైమ్ మేనేజ్‌మెంట్ నేర్పాలండీ, అంతే” అన్నారు.

అంతే కాదేమో అనిపించింది. వాళ్లు పత్రం కలిసి రాసుకునే ఓవర్‌లీఫ్ వెబ్‌సైట్ హిస్టరీ, వాట్సాప్ గ్రూప్ చూడనివ్వమని అడిగాను. ఒప్పుకున్నారు. ఒక ఆదివారం కూర్చుని ఆరు వారాల సందేశాలు చదివాను. ‘ఎంతవరకు వచ్చింది?’ అని గైడ్ గారు అడిగిన ప్రతిచోటా జవాబు ఒకటే: ‘అవుతోంది సార్’. లెక్కపెడితే 23 సార్లు ఉంది. అది అబద్ధం కాదు. పని నిజంగానే అవుతూ ఉంది. కానీ అదే మాటకు ‘మొదలుపెట్టాను’, ‘ఎర్రర్ వస్తోంది’, ‘రాత్రికి వచ్చేస్తుంది’, ‘ఏం చెయ్యాలో తెలియట్లేదు’ అని నాలుగు అర్థాలున్నాయి. ఏది ఏదో గైడ్ గారికి తెలిసే మార్గం లేదు. విభజన తేడా ఉందని ఎంటెక్ అబ్బాయికి తొమ్మిది రోజుల ముందే అనుమానం వచ్చింది. “చెప్పాలనుకున్నాను, కానీ సార్ అప్పటికే టెన్షన్‌లో ఉన్నారు. సరిచేసుకుని చెబుదామనుకున్నాను” అన్నాడు.

మన కాలేజీల్లో పెద్దవాళ్లకు కాదనే మాట, కాలేదనే మాట చెప్పడం ఎంత బరువో అక్కడ చదివిన ఎవరికైనా తెలుసు. అది మర్యాదలో నుంచే వస్తుంది. అందుకే దాన్ని తప్పుపట్టి లాభం లేదనుకున్నాను. నోటితో చెప్పనక్కర్లేకుండానే ఎంత అయిందో కనబడే పద్ధతి కావాలి.

మొదట చేసినవి, పనిచెయ్యనివి

ఇక్కడే నేను పొరపాటు చేశాను. పద్ధతి మార్చాలని తెలిసి కూడా అలవాటైన రెండు పనులు ముందు పెట్టాను.

ఒకటి, రోజూ రాత్రి 9 గంటలకు పావుగంట మీటింగ్. అన్నకు అప్పుడు ఉదయం పదిన్నర, అందరికీ కుదిరే సమయం అదే అనిపించింది. వారం తిరిగేసరికి ఆ పావుగంట ముప్పావుగంట అయింది. పిల్లలు సాయంత్రం 6 నుంచి ఆ మీటింగ్‌లో ఏం చూపించాలా అని స్లైడ్లు చేసుకోవడం మొదలుపెట్టారు. పని తగ్గి, పని గురించిన నివేదిక పెరిగింది. ‘అవుతోంది సార్’ వాట్సాప్ నుంచి జూమ్‌కు మారిందంతే. పది రోజులకు ఆపేయించాను.

రెండు, అసలు గడువుకు వారం ముందు మనకు మనమే ఒక గడువు పెట్టుకోవడం. చాలామంది ఇచ్చే సలహా ఇది. అసలు తేదీ అందరికీ తెలిసినప్పుడు ఉత్తుత్తి తేదీకి ఎవరి మనసులోనూ బరువు ఉండదు. పైగా ఇంకో నష్టం జరిగింది. ‘అది మన గడువేగా’ అన్న మాట ఒకసారి వచ్చాక, ప్లాన్‌లోని మిగతా తేదీలకు కూడా విలువ పోయింది.

అప్పటికి వాళ్ల దగ్గర రంగురంగుల ఎక్సెల్ షీట్ ఒకటి ఉంది. ఇంట్రడక్షన్ ఒకరికి, పాత పరిశోధనల సమీక్ష ఒకరికి, ప్రయోగాలు ఇంకొకరికి, ఇలా విభాగాల వారీగా పంచుకున్నారు. చూడ్డానికి న్యాయంగా ఉంటుంది. చదివితే ఇంట్రడక్షన్‌లో ఒక పత్రం ఉంది, ఫలితాల్లో ఇంకో పత్రం ఉంది. అదే షీట్‌లో జనవరి 10 నుంచి 18 వరకు కూడా పని రాసి ఉంది. సంక్రాంతికి ఊరెళ్లి ల్యాప్‌టాప్‌లో చేస్తామన్నారు. భోగి మంటలు, చుట్టాలు, మధ్యలో పోయే కరెంటు, నెట్‌వర్క్ సరిగా రాని ఊరు. చెయ్యరు, చెయ్యనక్కర్లేదు కూడా. ఆ తొమ్మిది రోజులు కొట్టేయించాను. డిసెంబర్‌లో ఎంటెక్ వాళ్ల సెమిస్టర్ పరీక్షలు 12 రోజులు, అవీ తీసేశాం. 75లో మిగిలినవి 54. ఆ అంకె బోర్డు మీద రాసినప్పుడు గైడ్ గారు చాలాసేపు మాట్లాడలేదు.

ఒక్క వాక్యం

డిసెంబర్ 23న అందరినీ కూర్చోబెట్టాను, ఇద్దరు ఆన్‌లైన్‌లో ఉన్నారు. ‘ఈ పత్రం ఏం రుజువు చేస్తుంది?’ అన్నదానికి ఒక్క వాక్యం ఎవరికి వారు రాసి, ఒకరిది ఒకరు చూడకుండా నాకు పంపమన్నాను.

ఆరు వాక్యాల్లో అయిదు వేర్వేరు పత్రాలు ఉన్నాయి. గైడ్ గారిది: తెలుగులో అన్నిటికంటే పెద్ద అభిప్రాయాల డేటాసెట్ ఇస్తున్నాం. అన్న రాసింది: బహుభాషా మోడళ్లను తెలుగు మీద పోల్చి చూపిస్తున్నాం. పీహెచ్‌డీ అమ్మాయిదీ దాదాపు అదే. ఎంటెక్ అబ్బాయిది: తక్కువ డేటాతో మోడల్‌కు శిక్షణ ఇచ్చే పద్ధతి. ఎంటెక్ అమ్మాయిది: ఇంగ్లిష్ అక్షరాల్లో రాసే తెలుగును కూడా మోడల్ చదవాలి. ఆరోది విశాఖ మేడమ్ రాసింది. “‘బాగుంది’, ‘బాగానే ఉంది’ ఒకటి కాదు. మీ మోడల్‌కు ఆ తేడా తెలియదు.”

అంతవరకు మేడమ్‌ను లేబులింగ్‌కు, అంటే ఏ వాక్యంలో మెచ్చుకోలు ఎంతో గుర్తు పెట్టే పనికి, సాయం చేసే మనిషిగానే చూశారు. వాట్సాప్ గ్రూప్‌లో ఆమె లేరు కూడా. ఆమె మాట విని ఎంటెక్ అబ్బాయి అప్పటికప్పుడు ల్యాప్‌టాప్‌లో రెండు వాక్యాలు మోడల్‌కు ఇచ్చాడు. ‘సినిమా బాగుంది’, ‘సినిమా బాగానే ఉంది’. రెండింటికీ దాదాపు ఒకే స్కోరు వచ్చింది. మేడమ్ మూడోది చెప్పారు: ‘సినిమా బాగుందిలే’. దానికీ అంతే. గదిలో వాతావరణం మారిపోయింది. తెలుగు మాట్లాడే ఎవరికైనా ఈ మూడూ వేరు. మొదటిది మెచ్చుకోలు. రెండోదానిలో ‘బాగా’కు అవధారణార్థకమైన ‘ఏ’ చేరేసరికి, చాలా సందర్భాల్లో ‘ఏదో ఫర్వాలేదు’ అన్నంతకు దిగుతుంది. మూడోది మాట తెంచెయ్యడానికి అన్నది.

ఆరింటిలో మేడమ్ వాక్యాన్నే ఎందుకు ఎంచుకున్నామో చెప్పాలి. ‘అన్నిటికంటే పెద్ద’ అన్న మాట మన చేతిలో ఉండదు, ఇంకెవరైనా రేపే ఇంకా పెద్దది విడుదల చెయ్యవచ్చు. మోడళ్ల పోలిక చెయ్యవచ్చు, కానీ ఏ ప్రశ్న కోసం పోలుస్తున్నామన్నది అందులో లేదు. మేడమ్ వాక్యాన్ని కొన్ని వందల వాక్యాల జంటలతో పరీక్షించవచ్చు. ముఖ్యంగా, ఫలితం ఎటు వచ్చినా పత్రం నిలబడుతుంది. మోడళ్లు తేడా పట్టుకోలేకపోతే అది ఒక కొత్త విషయం, పట్టుకుంటే అదీ ఒక కొత్త విషయం. గడువు ఉన్న పనికి ఇలాంటి ప్రశ్న కావాలి. ఒకే జవాబు వస్తేనే బతికే పత్రం ఆఖరి వారంలో మనుషుల చేత తప్పులు చేయిస్తుంది.

రచయితల వరస కూడా ఆ రోజే రాసుకున్నాం. మేడమ్ పేరు రెండోది. గైడ్ గారే ఆ మాట అన్నారు.

పన్నెండు గళ్లు

మర్నాడు ఒక చార్ట్ పేపర్ మీద ఖాళీ పట్టిక గీయించాను. పత్రంలో అచ్చయ్యే ఫలితాల పట్టిక అదే, అంకెలు మాత్రం లేవు. మూడు వరుసలు: మ్యూరిల్, ఎక్స్‌ఎల్‌ఎమ్-ఆర్, ఇండిక్‌బెర్ట్. మూడూ తెలుగు తెలిసిన మోడళ్లే. మ్యూరిల్, ఇండిక్‌బెర్ట్ భారతీయ భాషల కోసం చేసినవి, ఎక్స్‌ఎల్‌ఎమ్-ఆర్ వంద భాషలది. నాలుగు నిలువు గళ్లు: మామూలు టెస్ట్ వాక్యాలు, ‘నే’ జంటలు, ‘లే’ జంటలు, ఆ జంటలు కొన్ని చూపించి మళ్లీ శిక్షణ ఇచ్చాక వచ్చే ఫలితం. మొత్తం 12.

నియమం చిన్నది. ఒక్కసారి నడిపితే వచ్చిన అంకెను పెన్సిల్‌తో రాయాలి. అయిదు ర్యాండమ్ సీడ్లతో, అంటే అయిదు వేర్వేరు యాదృచ్ఛిక ఆరంభాలతో, నడిపి సగటు తీశాక పెన్నుతో దిద్దాలి. గడి అడుగున డేటా విభజన ఫైలు పేరు రాయాలి. ఆ ఫైలు పేరు అన్ని గళ్లలో ఒకటే అయి ఉండాలి. రాత్రి 8కి ఎవరో ఒకరు చార్ట్ ఫొటో తీసి గ్రూప్‌లో పెడతారు. దాని గురించి ఎవరూ ఏమీ అడగకూడదు, ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు.

మూడో రోజు ఫొటోలో ఇండిక్‌బెర్ట్ గడి అడుగున ఫైలు పేరు చివర ‘వీ2’ అని ఉంది, మిగతా వాటికి ‘వీ3’. అమెరికాలో ఉన్న అన్న అయిదు నిమిషాల్లో పట్టేశారు. అక్టోబర్‌లో పత్రాన్ని ముంచిన తప్పు సరిగ్గా అదే. ఈసారి ఎవరూ ఎవరి దగ్గరా తలదించుకోనక్కర్లేకపోయింది. రాత్రికి రాత్రే మళ్లీ నడిపారు.

వదిలేసే తేదీలు

పట్టికతో ఎంత అయిందో కనబడింది. ఏం వదులుకోవాలో మాత్రం అది చెప్పదు. నా అనుభవంలో ఉమ్మడి పత్రాలు తెగేది ఎక్కువగా అక్కడే. ఫలానాది ఇక వదిలేద్దాం అని అనాల్సిన మనిషి ఎవరో ముందే తేలకపోతే ఆఖరి రాత్రి వరకు ఎవరూ అనరు.

అందుకని మూడు తేదీలు రాశాం. ఒక్కోదానికి ఒక కొలత, ఒక్క మనిషి.

జనవరి 8: లేబుల్ వేసే ముగ్గురూ ఎంతవరకు ఏకీభవిస్తున్నారో చెప్పే ఫ్లైస్ కప్పా 0.6కు చేరకపోతే అయిదు స్థాయిల లేబులింగ్ మానెయ్యాలి. నిర్ణయం మేడమ్‌ది. లేబుల్ వేసేది ఆమె ఎంఏ విద్యార్థులు. పండక్కి ఊళ్లు వెళ్లేలోపే తేల్చాలి కాబట్టి ఆ తేదీ.

జనవరి 25: ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన తెలుగు భాగం లేబులింగ్ పూర్తి కాకపోతే పత్రంలో ఉండదు. నిర్ణయం పీహెచ్‌డీ అమ్మాయిది.

ఫిబ్రవరి 1: పన్నెండింటిలో తొమ్మిది గళ్లు పెన్నుతో నిండకపోతే 8 పేజీల లాంగ్ పేపర్ కాదు, 4 పేజీల షార్ట్ పేపర్. ఇదీ ఆమెదే.

మూడింటిలో ఒక్కటి కూడా గైడ్ గారి చేతిలో లేదు. ఇది నేను ఆలోచించి చేసిన పనే. పత్రం పెద్దదిగా, నిండుగా ఉండాలని అందరికంటే ఎక్కువ కోరుకునేది ఆయన. గళ్ల లోపల ఏముందో అందరికంటే దూరం నుంచి చూసేదీ ఆయనే. అలాంటి చోట వదులుకునే నిర్ణయం పెడితే అది ఎప్పటికీ ‘ఇంకో నాలుగు రోజులు’ అవుతుంది. ఆయనతో ఒంటరిగా మాట్లాడాను. రెండు రోజులు తీసుకున్నారు. తర్వాత మీటింగ్‌లో ఆయనే అన్నారు: “ఈ మూడు విషయాల్లో నన్ను అడగొద్దు. నాకు చెప్తే చాలు.” ఈ కేసులో అన్నిటికంటే కష్టమైన పని చేసింది ఆయన అని నా అభిప్రాయం.

జనవరి 8న కప్పా 0.43 వచ్చింది. మేడమ్ ఒక్క క్షణం కూడా ఆలస్యం చెయ్యలేదు. ఆమె విద్యార్థుల్లో ఒకరికి ‘బాగానే ఉంది’ అంటే అయిదుకు నాలుగు, ఇంకొకరికి అయిదుకు రెండు. ‘మా ఇంట్లో అన్నం బాగా కుదిరితే మా నాన్న అనే మాట అదే’ అని నాలుగు వేసిన అబ్బాయి వివరించాడు. గొంతు లేని రాతలో ఈ తగువు తీరదని మేడమ్ తేల్చారు. ఒక్కో వాక్యానికి మార్కులు వెయ్యడం మాని, రెండు వాక్యాలు పక్కపక్కన ఇచ్చి ‘ఎందులో మెచ్చుకోలు ఎక్కువ?’ అని అడగడం మొదలుపెట్టారు. అదే అబ్బాయి ఈసారి తడుముకోకుండా ‘బాగుంది’ వైపు చూపించాడు. పండగ తర్వాత కప్పా 0.68.

జనవరి 25 బరువైన రోజు. ఇంగ్లిష్ అక్షరాల తెలుగు భాగంలో లేబులింగ్ మూడింట రెండు వంతులే అయింది. ఎంటెక్ అమ్మాయి మూడు నెలలు దాని మీదే కూర్చుంది. ‘బాగానే’ అన్న ఒక్క మాటను జనం ఎన్ని స్పెల్లింగులతో రాస్తారో ఆమె దగ్గర ఒక పెద్ద జాబితా ఉంది. పీహెచ్‌డీ అమ్మాయి ఆ సాయంత్రం ‘తీసేస్తున్నాం’ అని గ్రూప్‌లో ఒక్క ముక్క రాసింది. గైడ్ గారు నాకు ఫోన్ చేశారు. ఇంకో నాలుగు రోజులు ఇస్తే అయిపోతుంది కదా అన్నారు. నిర్ణయం ఆమెది కాబట్టి ఆమెనే అడగమన్నాను. ఆయన అడగలేదు. మాట మీద నిలబడ్డారు.

ఫిబ్రవరి 1న చార్ట్ మీద పెన్ను గళ్లు ఎనిమిది. కావాల్సింది తొమ్మిది. ‘ఒక్క గడే కదా అక్కా, రేపటికి పెట్టేస్తాను’ అన్నాడు ఎంటెక్ అబ్బాయి. ఆ గడి నిజంగానే మర్నాడు నిండింది. అయినా పీహెచ్‌డీ అమ్మాయి షార్ట్ పేపర్ వైపే వెళ్లింది. ఆమె చెప్పిన కారణం నాకు ఇప్పటికీ గుర్తుంది. లాంగ్ పేపర్ రెండో సగం అంతా నాలుగో నిలువు గడి మీద, అంటే మళ్లీ శిక్షణ ఇచ్చిన ఫలితాల మీద, నిలబడాలి. ఆ మూడు గళ్లు ఖాళీ. కాలేజీలో ఉన్న ఒక్క జీపీయూ (మోడళ్లను నడిపే చిప్) మీద క్యూలో నిలబడి ఆరు రోజుల్లో అంకెలైతే తేవచ్చు. కానీ ఆ అంకెలను అనుమానించి చూడటానికి రోజులు మిగలవు. “అంకె వస్తుంది. అది నిజమో కాదో తెలియకుండానే రాసేస్తాం” అంది.

ఆఖరి రెండు వారాలు

ఇక్కడినుంచి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే త్వరగానే నడిచింది. ఫిబ్రవరి 4 నుంచి ఓవర్‌లీఫ్‌లో రాసేది పీహెచ్‌డీ అమ్మాయి ఒక్కతే, మిగతావాళ్లు కామెంట్లు మాత్రమే పెట్టాలి. రాత్రి 9కి ఆమె మూడు వాక్యాలు రాసి అన్నకు అప్పగిస్తుంది: ఏది మారింది, ఏది చదవాలి, ఏది ముట్టుకోవద్దు. ఆయన తన పగటి పూట చదివి కామెంట్లు పెడితే ఈమె పొద్దున లేచేసరికి సిద్ధంగా ఉంటాయి. పదిన్నర గంటల తేడా అంతవరకు అడ్డంకిగా ఉండేది, ఇప్పుడు పనికొచ్చింది.

రెండు చిన్న విషయాలు మాత్రం వివరంగా రాయాలి. వీటి వల్ల ఆగిపోయిన పత్రాలు నేను చూశాను.

ఒకటి తెలుగు అక్షరాలు. పత్రాన్ని పేజీలుగా కూర్చే మామూలు ఇంజిన్ పీడీఎఫ్‌లాటెక్‌లో తెలుగు లిపి సరిగా రాదు. వీళ్లు ఇంజిన్ మార్చి లువాలాటెక్ పెట్టారు. ‘బాగుంది’ చక్కగా వచ్చింది, ‘అద్భుతం’ మాత్రం విడిపోయి ‘ద’ మీద పొల్లు, పక్కన ‘భు’ విడిగా అచ్చయింది. రివ్యూ చేసేవాళ్లలో తెలుగు చదవగలిగినవాళ్లు ఒక్కరున్నా ఆ పేజీ చూసి పత్రం మీద నమ్మకం పోతుంది. ఫాంట్ సెట్టింగ్‌లో లిపి తెలుగు అని చెప్పి, అక్షరాలను కలిపి చూపించే రెండరర్‌గా హార్ఫ్‌బజ్ పెడితే ఒత్తులు కుదురుకున్నాయి. ఇంజిన్ మారేసరికి వరుసల సర్దుబాటు మారి పత్రం మూడు లైన్లు కిందికి జారింది. ఇది తెలిసింది జనవరి 28న, ఫిబ్రవరి 15 రాత్రి కాదు. ఎందుకంటే ఖాళీ పట్టికతోనే, సగం రాసిన పత్రంతోనే ఒకసారి పూర్తి పీడీఎఫ్ తీసి అప్‌లోడ్ దాకా రిహార్సల్ చెయ్యమన్నాను.

రెండోది ఆ రిహార్సల్‌లోనే దొరికింది. రచయితలందరికీ ఓపెన్‌రివ్యూలో ప్రొఫైల్ ఉండాలి. సంస్థ ఈమెయిల్ లేకుండా కొత్తగా ప్రొఫైల్ తెరిస్తే పరిశీలనకు రెండు వారాల దాకా పట్టవచ్చు. మేడమ్ దగ్గర ఉన్నది జీమెయిల్ ఒక్కటే. జనవరి 28న అప్లై చేస్తే ఫిబ్రవరి మొదటి వారంలో వచ్చింది. ఆఖరి రోజు చూసుకుని ఉంటే, ఈ పత్రానికి ప్రాణం పోసిన వాక్యం రాసిన మనిషి పేరు లేకుండా పంపాలా, పంపడం మానాలా అన్న స్థితి వచ్చేది.

‘పరిమితులు’ విభాగం ఎంటెక్ అబ్బాయి రాశాడు. ఆ కాన్ఫరెన్స్‌లో అది లేకపోతే చదవకుండానే తిప్పి పంపుతారు, పేజీల లెక్కలోకి మాత్రం రాదు. లేబుల్ వేసినవాళ్లు ముగ్గురూ ఒకే ప్రాంతం వాళ్లని, తెలంగాణలో ‘మంచిగనే ఉంది’ లాంటి వాడుక ఇందులో లేదని నిజం నిజంగా రాశాడు. ఫిబ్రవరి 15 రాత్రి 11 గంటలకు, మన లెక్కన ఇంకా పద్దెనిమిదిన్నర గంటలు ఉండగానే పత్రం వెళ్లింది. ఆ తర్వాత ముట్టుకోలేదు.

మూడు రివ్యూలు వచ్చాయి. ఒకరు సరిగ్గా నాలుగో నిలువు గడి గురించే అడిగారు: జంటలు చూపించి మళ్లీ శిక్షణ ఇస్తే ఏమవుతుంది? మార్చిలో తీరికగా నడిపి, తప్పులన్నీ ఒక్కొక్కటిగా చూసుకున్న ఫలితాలు అప్పటికే చేతిలో ఉన్నాయి. జవాబు ఇవ్వగలిగారు. పత్రాన్ని తీసుకున్నారు. అంగీకారం తర్వాత ఇచ్చే అదనపు పేజీలో ఆ మూడు గళ్లు వెళ్లాయి.

ఇప్పుడైతే ఎలా చేస్తాను

మేడమ్‌తో మాట్లాడటానికి మూడు వారాలు ఆగను. బృందంలో అందరికంటే తక్కువ మాట్లాడిన మనిషితోనే మొదలుపెడతాను. రోజూ మీటింగ్ పెట్టించను. విభాగాల వారీ పంపకం చూస్తే ఆ రోజే ఆపించి ఖాళీ పట్టిక గీయిస్తాను, ఎందుకంటే విభాగాన్ని ఎంతైనా సాగదీయవచ్చు, గడిని సాగదీయలేం. వదిలేసే తేదీలను పండగలకు, పరీక్షలకు ముందు పెడతాను, తర్వాత కాదు.

నన్ను ఇంకా బాధపెట్టేది జనవరి 25. నిర్ణయం సరైనదే, మళ్లీ వచ్చినా అదే తీసుకోమంటాను. కానీ మూడు నెలల పని ఒక వాట్సాప్ ముక్కతో ఆగిపోయింది. ఆ అమ్మాయి నాలుగు రోజులు ల్యాబ్‌కు రాలేదు. ఆ పని ఏమవుతుందో మేం ఎవరం ముందుగా అనుకోలేదు, ఆమెకు ఎవరు ఎదురుగా కూర్చుని చెప్పాలో అనుకోలేదు. తర్వాత గైడ్ గారు ఆమె స్పెల్లింగుల జాబితానే ఎంటెక్ థీసిస్‌గా మార్చారు. వచ్చే గడువుకు అది విడి పత్రంగా వెళ్తోంది, మొదటి రచయిత ఆమే. అయినా ఆ నాలుగు రోజులు ఆమెకు అనవసరంగా పెట్టిన కష్టం.

ఈ మధ్య నేను కూర్చునే ప్రతి గ్రూప్‌లోనూ వదిలేసే తేదీ పక్కన ఇంకో రెండు గళ్లు గీయిస్తున్నాను. వదిలేస్తే ఆ పని ఎక్కడికి వెళ్తుంది అన్నది ఒకటి, ఆ మాట ఆ మనిషికి ఎవరు చెబుతారు అన్నది రెండోది.